పర్లకోట పొంగితే పేపరు రాదు

భామ్రాగడ్‌లో వానాకాలం సంగతి చెప్పాలంటే పర్లకోట నదితోనే మొదలుపెట్టాలి. ఇంద్రావతి, పాముల గౌతమి, పర్లకోట మూడూ ఆ ఊరి దగ్గరే కలుస్తాయి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పర్లకోట వంతెన మీదికి నీళ్లెక్కుతాయి, ఆలాపల్లి రోడ్డు తెగుతుంది. బస్సు ఆగుతుంది, కూరగాయల బండి ఆగుతుంది, పేపరు కట్ట ఆగుతుంది. నీళ్లు తీసినాక పాత కట్టలన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. ఎక్కడో నాగ్‌పూర్‌లో అచ్చేసిన వార్త ఒకటి వాటిలో తప్పకుండా ఉంటుంది, భామ్రాగడ్‌కు బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయాయని. బయటివాళ్ల కోసం రాసిన ఆ వార్తను, తెగిపోయినవాళ్లు తీరిగ్గా తర్వాత చదువుకుంటారు.

ఈ మధ్య సిరోంచ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. నలుగురు కుర్రాళ్లు కలిసి జెరాక్స్ తీసి పంచుకుంటున్న రెండు పేజీల కాగితం ఒకటుంది వాళ్లకు. "అన్నా, గిప్పుడు దాన్ని అసలైన పేపరు లెక్క చేద్దామనుకుంటున్నం. డమ్మీ గీసిన, జర చూడు" అన్నాడు. చూశాను. ఎనిమిది కాలాల పెద్ద పేజీ, పైన ఎర్ర పట్టీలో పేరు, దానికి చెరో పక్క ఇయర్ ప్యానెల్, మధ్యలో బ్యానర్, కింద బాక్స్ ఐటమ్. హైదరాబాదు దినపత్రిక మాస్ట్‌హెడ్ చెరిపేసి ఊరి పేరు అతికించినట్టుంది. డెస్కు మీద పేజీలు పెట్టడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది కనుక తప్పులు అప్పటికప్పుడు ఏకరువు పెట్టగలను. పెట్టలేదు. సింహం నాలుగడుగులు వేసి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుందంటారు. పత్రికలవాళ్లం మాత్రం నిన్నటి సంచిక కూడా తిప్పి చూసుకోం. ఈసారైనా చూద్దామనిపించింది.

సిరోంచను చేతులు మారిన ఊరు అనాలి. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్లకు వచ్చి, ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. ఆ జిల్లా పోయి చాందా జిల్లాలో ఒక తాలూకాగా మిగిలింది. నూగూరు, ఆల్బాక, చెర్ల 20వ శతాబ్దం మొదట్లో మద్రాసు రాజధానిలో కలిసి, ఆ దారిన తెలుగు రాష్ట్రానికి చేరాయి. సిరోంచ మధ్య పరగణాల్లోనే ఉండిపోయి, తర్వాత బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడ్డాక జిల్లా కేంద్రం ఇంకో ఊరైంది, అదీ 200 కిలోమీటర్లకు పైబడిన దూరంలో. ప్రాణహిత దాటితే చెన్నూరు, గోదావరి దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, భామ్రాగడ్ అడవిలోకి పోతే మాడియా గోండి. ఇన్ని భాషల మధ్య బతికే మనిషికి ఎనిమిది కాలాల ఎర్ర పట్టీ పేపరు ఏం చేస్తుంది?

మహారాష్ట్ర నేల మీద తెలుగు పత్రిక అనగానే వింతగా తోస్తుంది గాని, మనవాళ్లు గొప్పగా చెప్పుకునే పత్రికల్లో ఒకటి పుట్టింది బొంబాయిలోనే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం వ్యాపారంతో అక్కడ స్థిరపడ్డాడు. 1908 సెప్టెంబరులో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టాడు. ఆ నగరంలో తెలుగువాళ్లకు కొదవ లేదు. కామాఠీపురా అన్న పేటకు ఆ పేరు వచ్చిందే తెలుగు దేశం నుంచి వలసపోయిన కామాఠీల వల్ల. అయినా పత్రిక చూపు ఆ పేట దగ్గర ఆగలేదు, తపాలా సంచీలో తెలుగు జిల్లాలకు వచ్చింది. వారానికోసారి తపాలాలో వచ్చే పత్రికకు వేడి వార్త పనికిరాదు. దారిలోనే చల్లారిపోతుంది. అందుకే వారపత్రిక అంటే వ్యాఖ్య, వ్యాసం, ఉత్తరం. 1910 నుంచి ఉగాది సంచికలు తోడయ్యాయి. వార్త చదివి పారేసే కాలంలో, దాచుకోదగ్గ లావుపాటి పత్రిక ఏడాదికొకటి ఇంట్లోకి వచ్చింది. ఆ ఉగాది సంచికలు ఇప్పటికీ పాత గ్రంథాలయాల్లో కనిపిస్తాయి, వాటి పక్కన మామూలు వార సంచికలు కనిపించడం అరుదు.

1914 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికైంది. నాలుగు నెలలు తిరిగేసరికి ఐరోపాలో యుద్ధం మొదలైంది, రోజువారీ వార్త కోసం జనం ఎదురుచూసే కాలం వచ్చింది. ఊరు మారింది, వారం రోజైంది, తీరిక చదువు పొద్దుటి చదువైంది. పత్రిక పేరొక్కటే నిలబడింది. తెలుగు పత్రికా చరిత్రలో ఇంతకంటే పెద్ద రూపు మార్పు నాకు తోచదు. దాంట్లో ఫాంటు ప్రసక్తే లేదు.

అదే బొంబాయిలో అంతకు చాలా ముందు, 1832 జనవరి 6న, బాళశాస్త్రీ జాంభేకర్ 'దర్పణ్' తెచ్చాడు. మరాఠీలో మొదటి పత్రికగా దాన్ని చెప్పుకుంటారు. ఇప్పటికీ మహారాష్ట్రలో ఆ తేదీని విలేకరుల దినంగా జరుపుకుంటారు. పేజీని నిలువునా రెండుగా చీల్చి ఒక కాలంలో ఇంగ్లీషు, పక్క కాలంలో మరాఠీ వేసేవాడు. సర్కారువాడూ చదవాలి, ఊరివాడూ చదవాలి, ఇద్దరూ ఒకే కాగితం మీద ఎదురుపడాలి. సిరోంచ తమ్ముడికి మొదట చూపించాల్సిన పేజీ అదే.

ఇక గోదావరికి ఇవతల. నిజాం రాజ్యంలో తెలుగు పత్రిక పెట్టడమంటే గుండె ధైర్యం కావాలి. 1913లో మహబూబ్‌నగర్ నుంచి హితబోధిని వచ్చింది, ఎక్కువ కాలం నిలవలేదు. 1922 ఆగస్టులో రెండు పత్రికలు కవలల్లా పుట్టాయి. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నీలగిరి, ఓరుగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రిక. ఈ రెండోదాని దగ్గర కాసేపు ఆగాలి. ఇనుగుర్తి పట్నం కాదు, పల్లెటూరు. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అన్నదమ్ములు ఆ పల్లెలోనే అచ్చు యంత్రం పెట్టారు. రాసేది వాళ్లే, అక్షరాలు పేర్చేది వాళ్లే, అచ్చొత్తేది వాళ్లే.

అక్షరాలు పేర్చడం అన్న మాటను ఇప్పటివాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. ఇంగ్లీషు కంపోజిటరు ముందు ఉండే గళ్లకూ తెలుగు కంపోజిటరు ముందు ఉండే గళ్లకూ పోలిక లేదు. గుణింతాలన్నిటికీ, ఒత్తులన్నిటికీ వేరే వేరే సీసపు ముక్కలు కావాలి. చేయి ఏ గడిలోకి పోవాలో కంటికంటే ముందు వేళ్లకు తెలియాలి. గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి వేలాడుతాయి కనుక వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి. ఇంగ్లీషు పేజీలో పట్టేంత సరుకు తెలుగు పేజీలో పట్టదు. మన మాటలా, ప్రత్యయాలు తగిలించుకుని రైలుపెట్టెల్లా సాగుతాయి. 'ప్రవేశపెట్టాల్సివుంటుందన్నారు' అన్న ఒక్క క్రియను పేజీలో ఎనిమిదో వంతైన కాలంలో పెట్టి చూడండి. వరుసంతా అదే మింగేస్తుంది, లేదా ఎక్కడపడితే అక్కడ విరిగి సగం కింది వరుసలో పడుతుంది. మనం హైఫన్ కూడా పెట్టం. కళ్లు వాటంతట అవే అతికించుకోవాలి. ఎనిమిది కాలాల పేజీ ఇంగ్లీషు పత్రికల దగ్గర అరువు తెచ్చుకున్న చొక్కా. పెద్ద పేపర్లు దాన్ని అటూ ఇటూ కత్తిరించి వేసుకున్నాయి. చిన్న పత్రిక దాన్ని వేసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ లేదు, అయినా వేసుకుంటూనే వచ్చింది, పెద్దదానిలా కనబడాలని.

1926లో సురవరం ప్రతాపరెడ్డి చేతుల మీద గోలకొండ పత్రిక వచ్చింది, వారానికి రెండుసార్లు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నారన్న రోషంతో 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశాడాయన. పాఠకుల ఊరినంతా రచయితల జాబితాగా మార్చిన సంచిక అది. దాని ముందు ఏ డిజైనరు పని అయినా నాకు చిన్నగానే కనబడుతుంది. ఆయన పేరుతో ఇవాళ ఒక తెలుగు ఫాంటు ఉంది, 'సురవరం', పత్రికల శీర్షికలకు పనికొచ్చేలా గీసింది. 1940లలో హైదరాబాదు నుంచి మీజాన్ ఒకే పేరు మీద ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగుల్లో వచ్చేది. తెలుగు మీజాన్‌కు అడివి బాపిరాజు సంపాదకుడు. మూడు భాషల ఊరికి మూడు పేపర్లు వేశారు, దర్పణ్‌లా ఒకే పేజీ మీద కలపలేదు. ఎవరి భాష వాళ్లు చదువుకుని పక్కవాడి భాష చూడకుండానే పోవచ్చు.

అక్షరాల సంగతి ఇలా ఉండగా, రాసే భాష సంగతి ఇంకా మొండి. గిడుగు రామమూర్తి 1919లో 'తెలుగు' పేరుతోనే పత్రిక పెట్టి వాడుక భాష కోసం పోరాడాడు. 1930లలో తాపీ ధర్మారావు జనవాణిలో వాడుక భాషను దినపత్రికలోకి తెచ్చాడు. ఆంధ్రప్రభకు 1942 నుంచి 1959 దాకా సంపాదకుడిగా ఉన్న నార్ల వెంకటేశ్వరరావు దాన్ని తేలిక చేశాడు. ఇదంతా జరిగాక కూడా పత్రికల తెలుగు రెండు మూడు జిల్లాల తెలుగు దగ్గరే ఆగింది. సిరోంచలో మాట్లాడే తెలుగు అందులో లేదు. ఆ తెలుగు కరీంనగరానికి దగ్గర, మధ్యమధ్య మరాఠీ మాటలు పాలలో నీళ్లలా కలిసిపోయి ఉంటాయి. తమ్ముడి డమ్మీలో శీర్షికలు చూస్తే విజయవాడ డెస్కు రాసినట్టున్నాయి. ఫోన్‌లో 'జర చూడు' అన్నవాడు కాగితం మీద 'పరిశీలించవలసిందిగా' అంటాడెందుకో! మనందరికీ ఉన్న రోగమే అది. కలం పట్టగానే గొంతు మారిపోతుంది.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక కథ తెలిసిందే కనుక పరుగున దాటేద్దాం. ఊరూరా కంట్రిబ్యూటర్లు, 1989 నుంచి జిల్లాకో టాబ్లాయిడ్. తక్కిన పెద్ద పత్రికలూ అదే బాట పట్టాయి. ఊళ్లో నల్లా రాలేదన్న వార్త కూడా పెద్ద పేపర్లోనే వస్తుంటే టౌను వారపత్రిక దేనికన్నారు జనం. చాలా చిన్న పత్రికలు ఆ దెబ్బకు ఆగిపోయాయి. ఆగనివీ ఉన్నాయి. నెల్లూరు జమీన్ రైతు జమీందారీ వ్యతిరేక ఉద్యమంలోంచి పుట్టి, జమీందారీలు పోయాక కూడా వారం వారం వస్తూనే ఉంది. నెల్లూరివాడు దాని అచ్చు ఎంత పాతగా ఉన్నా కొంటాడు, లోపల తిట్లు ఎంత తాజాగా ఉన్నాయో చూడ్డానికి. మహారాష్ట్ర వైపు ఎదురు ఉదాహరణ లోక్‌మత్. యవత్మాళ్‌లో చిన్న పత్రికగా ఉన్న పేరు 1971లో నాగ్‌పూర్‌లో దినపత్రికై రాష్ట్రమంతా పరుచుకుంది.

జిల్లా టాబ్లాయిడ్ సిరోంచకు చేసిన మేలు మాత్రం సున్నా. జిల్లా పేజీ జిల్లా పొలిమేర దగ్గర ఆగుతుంది, అవతల నది, నది అవతల వేరే రాష్ట్రం. చెన్నూరువాడికి ఆదిలాబాదు పేజీ, మహదేవ్‌పూర్‌వాడికి కరీంనగర్ పేజీ దొరికాయి. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాలు చీలాక మంచిర్యాలకూ భూపాలపల్లికీ వేరే పేజీలు వచ్చాయి. ఒడ్డు మీద నిలబడి కేకేస్తే వినబడేంత దూరంలోని సిరోంచ ఏ తెలుగు పేజీకీ చెందలేదు. మరాఠీ పేజీల్లో గడ్చిరోలి జిల్లాకు ఎప్పుడూ తుపాకీ వార్తలే.

ఇది చిన్న సంగతి కాదని గోదావరి మీది మేడిగడ్డ చూపించింది. బ్యారేజీ ఒక కొస తెలంగాణలో, రెండో కొస సిరోంచ తాలూకాలో. 2019 జూన్ 21న ప్రారంభమైన నాడు తెలంగాణ ఒడ్డు పేపర్లకు అది ఇంజనీరింగ్ అద్భుతం. సిరోంచ ఒడ్డు రైతుకు అది వెనుక జలాల్లో మునిగే పొలం, రాని పరిహారం. 2023 అక్టోబరు 21న స్తంభాలు కుంగినప్పుడు హైదరాబాదుకు అది ఎన్నికల వార్తైంది. ఒకే గోడ, ఒకే నీళ్లు, రెండు భాషల్లో రెండు కథలు. రెండు ఒడ్లనూ ఒకే పేజీలో పెట్టే పేపరు ఒకటి ఉండి ఉంటే అది నాలుగు పేజీలదైనా సరే, కొని దాచుకునేవాణ్ని.

అలాంటి పేపరు ఊరివాళ్లే వేసుకోగలరా అంటే చిత్తూరును తలుచుకోవాలి. 2001లో అక్కడి పొదుపు సంఘాల మహిళలు నవోదయం అనే పత్రిక మొదలుపెట్టారు. రాసేదీ, తిరిగేదీ, అమ్మేదీ పల్లెటూరి ఆడవాళ్లే. ఆ మరుసటి ఏడాదే ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో ఖబర్ లహరియా బుందేలీలో వచ్చింది, యునెస్కో 2009లో దానికి అక్షరాస్యత బహుమతి ఇచ్చింది. కొత్తగా చదువు నేర్చినవాళ్లు కూడబలుక్కుని చదువుతారు కనుక అందులో అక్షరం పెద్దగా వేశారు, వాక్యం పొట్టిగా రాశారు. తర్వాత అది కాగితాన్ని వదిలి ఫోన్లోకి, వీడియోలోకి వెళ్లిపోయింది. పెద్ద పేపర్ల లోకంలో ఇలాంటి మార్పుకు విదేశీ నిపుణులు కావాలి. ది హిందూ 1958 దాకా మొదటి పేజీ నిండా ప్రకటనలే వేసి, 2005 ఏప్రిల్ 14న మారియో గార్సియా గీసిన కొత్త చొక్కా తొడుక్కుంది. లండన్ గార్డియన్ అదే ఏడాది బెర్లినర్ సైజుకు మారి, దానికోసం ప్రత్యేకంగా యంత్రాలు కొని, 2018లో టాబ్లాయిడ్‌కు దిగింది. డబ్బున్నవాడు తప్పు చేసినా మళ్లీ దిద్దుకుంటాడు. జెరాక్స్ పేపరుకు ఒక్క తప్పుకే ఊపిరి పోతుంది.

భామ్రాగడ్ పక్క అడవుల్లో ఇంకో ప్రయోగం జరిగింది. 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర. ఫోన్ చేసి గోండిలో వార్త చెప్పొచ్చు, ఫోన్ చేసి వినొచ్చు. అచ్చు లేదు, లిపి లేదు, పేజీ లేదు. చెవితో చదివే పత్రిక. అది చూశాక పేజీ డిజైను అన్న మాట మీదే నాకు అనుమానం వచ్చింది.

లిపి గొడవ మాత్రం ఎక్కడికీ పోలేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి దగ్గర సవరల భాష నేర్చుకుని తెలుగు లిపిలో వాళ్లకు వాచకాలు రాశాడు. ప్రాణహిత అవతల మార్లవాయిలో 1943లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండు పిల్లల కోసం బడి పెట్టించినప్పుడు గోండి వాచకాలు దేవనాగరిలో వచ్చాయి. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో రాతప్రతుల్లో బయటపడ్డ గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, దానికి ఒక ఏడాది ముందు మసరాం గోండి లిపి చేరింది. ఒక భాషకు ఇన్ని లిపులు, చదివే పిల్లకు ఒకే బడి. సిరోంచలో తెలుగుకూ ఇంచుమించు ఇదే గతి. అంకిస, ఆసరెల్లి వైపు ఇంట్లో ముద్దుగా తెలుగు మాట్లాడే పిల్లలు మరాఠీ బడికి పోతారు. వాళ్ల చేతికి తెలుగు పేపరిస్తే బొమ్మలు చూసి పక్కన పెడతారు. అదే తెలుగు మాటను దేవనాగరిలో రాసిస్తే గలగలా చదువుతారు. ఇది విని మా సాహిత్య మిత్రులు చెవులు మూసుకుంటారని తెలుసు. మూసుకోనీ.

తమ్ముడికి తిరిగి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పలేదు, నాలుగే చెప్పాను. ఎనిమిది కాలాలు మానెయ్యి, ఏ3 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు, పేజీకి రెండే కాలాలు. ఎడమ కాలంలో తెలుగు లిపి, కుడి కాలంలో అదే తెలుగు దేవనాగరిలో. ఇయర్ ప్యానెల్స్‌లో నినాదాలొద్దు, ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి నీటిమట్టాలు వెయ్యి. అను ఫాంట్లో కంపోజ్ చేస్తే వాట్సాప్‌లో పెట్టగానే పిచ్చిగీతలైపోతుంది, యూనికోడ్‌లో కొట్టు. ఇంకోటి మరిచాను. 2024 మార్చి 1 నుంచి పత్రికల రిజిస్ట్రేషన్‌కు కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 1867 నాటి పాత చట్టం పోయిందని ఇంప్రింట్ పోలేదు. సంపాదకుడెవరో, ముద్రించిందెవరో పేరు వెయ్యాల్సిందే.

"పేరేస్తే పోలీసోళ్లు, అడవిల దాదాలోగులు ఇద్దరూ ఇంటికొస్తరన్నా" అని నవ్వాడు.

రెండో డమ్మీ పది రోజులకు వచ్చింది. రెండు కాలాలూ ఉన్నాయి, నీటిమట్టాల గళ్లూ ఉన్నాయి. శీర్షికల్లో 'జర' కూడా వచ్చింది, కొంచెం బెరుకుగా, కొటేషన్లలో. నాలుగో పేజీ మాత్రం మాస్ట్‌హెడ్ తప్ప తెల్లగా ఉంది. వేయడం మరిచాడనుకుని అడిగాను.

"మరువలేదన్నా. పర్లకోట పొంగినప్పుడు పేపరు పోదు గద. మనం ఫోన్‌ల చదివితె అక్కడ మా దోస్తు మాడియాల రాసుకుంటడు. ఉత్త కాగితాలు వానలకు ముందే పంపుతం."

ఏ లిపిలో రాస్తాడని అడిగాను. వాళ్లింకా కొట్లాడుకుంటున్నారట.